జామకాయ జామ్ ఇంట్లోంచి అమ్మకానికి: పాకం, లైసెన్సు, సీసా ధర

కృష్ణలంక వంటిల్లు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయవాడలో ఇంట్లోనే జామపండ్లతో జామ్ చేస్తాను. ఇప్పటిదాకా తెలిసినవాళ్లకే ఇచ్చాను. ఇప్పుడు రెండు షాపులవాళ్లు వారానికి వంద సీసాలు, 250 గ్రాములవి, కావాలంటున్నారు. హైదరాబాద్‌కి కొరియర్‌లో పంపమని అడిగేవాళ్లూ ఉన్నారు.

చేసే పద్ధతి: కేజీ గుజ్జుకి కేజీ పంచదార, రెండు నిమ్మకాయల రసం. మూడు కేజీల గుజ్జు ఒకేసారి లోతు గిన్నెలో, రసం మొదట్లోనే పోసి, గంటకు పైగా ఉడికిస్తాను. చల్లటి పళ్లెంలో చుక్క వేసి, వేలితో తోస్తే ముడత పడిందా లేదా చూసి దింపుతాను. ఆవిరి పోయాక, బాగా చల్లారాక సీసాల్లో పెట్టి మూత బిగిస్తాను.

మూడు తేడాలు వస్తున్నాయి. ఒక్కో వాయి పలుచగా జారిపోతోంది. కొన్ని సీసాల్లో వారం పది రోజులకి పైన నీరు తేలుతోంది. నెల దాటాక కొన్నిటి మీద బూజు కనిపించింది. ప్రిజర్వేటివ్ వేయక తప్పదా? లైసెన్సు ఏది తీసుకోవాలి? సీసా 120 రూపాయలకి ఇస్తే గిట్టుబాటవుతుందా?


బ్రిక్స్ 68 జవాబు

మీ మూడు తేడాలూ పాకం దగ్గరే మొదలవుతున్నాయండి. పళ్లెం మీద ముడత పడిందంటే పెక్టిన్, అంటే పండులో సహజంగా ఉండి జామ్‌ని బిగించే పదార్థం, గడ్డకట్టిందని అర్థం, అంతే. జామ్ నిలవుంటుందా లేదా అన్నది ఆ ముడత చెప్పదు. పెక్టిన్ దండిగా ఉన్న దోరకాయలు పడిన వాయి 60 బ్రిక్స్ (వంద గ్రాముల్లో కరిగిన ఘనపదార్థం, ముఖ్యంగా పంచదార, ఎన్ని గ్రాములో చెప్పే కొలత) దగ్గరే చక్కగా ముడత పడుతుంది. మీరు దింపేస్తారు. అందులో నీరు ఎక్కువ కాబట్టి బూజు పడుతుంది. బాగా మగ్గిన పండ్లతో చేసిన వాయి 70కి వెళ్లినా ముడత పడదు, ఎందుకంటే పండు మగ్గేకొద్దీ పెక్టిన్ విరిగిపోతుంది. మీ పలుచటి వాయిలు ఆ రకం. అంటే రెండు విషయాల్ని ఒకే పళ్లెంతో కొలవబోతున్నారు.

నిలవ సంగతి బ్రిక్స్‌తో చూడాలి. చట్టం ప్రకారం జామ్‌లో కరిగిన ఘనపదార్థం 65 శాతానికి తగ్గకూడదు. మీరు 68 దగ్గర దింపండి, ఆ మూడు పాయింట్లు మీకు భద్రత. బ్రిక్స్ కొలిచే పరికరం, రిఫ్రాక్టోమీటర్, కొనేటప్పుడు 45–82 లేదా 58–90 స్కేలు ఉన్నది అడిగి తీసుకోండి. షాపులో మామూలుగా చేతికిచ్చేది 0–32 రకం, అది రసాలకు పనికొస్తుంది గానీ జామ్ దాని స్కేలు దాటిపోతుంది. చుక్కను చల్లటి స్టీలు చెంచాలో తీసుకుని, పైన ఇంకో చెంచా బోర్లించి చల్లారనిచ్చి, అప్పుడు అద్దం మీద వేయండి. మూయకుండా వదిలేస్తే ఆ చుక్కలోంచే నీరు ఆవిరై రీడింగు ఎక్కువ చూపిస్తుంది. దానంతట అదే ఉష్ణోగ్రత సరిచేసుకునే రకం కాకపోతే, 30 డిగ్రీల గదిలో వచ్చిన అంకెకు సుమారు 0.8 కలుపుకోవాలి.

అది చేతికొచ్చేలోపు తూకంతోనే పని జరుపుకోవచ్చు. ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి కూడా. జామ గుజ్జు 10 బ్రిక్స్ అనుకుందాం. 2.5 కేజీల గుజ్జులో 250 గ్రాముల ఘనపదార్థం, దానికి 2,250 గ్రాముల పంచదార, 9 గ్రాముల సిట్రిక్ యాసిడ్: మొత్తం 2,509 గ్రాములు. దీన్ని 0.68తో భాగిస్తే 3,690 గ్రాములు. ఖాళీ గిన్నె బరువు, అందులో ఉండే గరిటె బరువు ముందే రాసి పెట్టుకోండి. గిన్నె దించి కాటా మీద పెట్టినప్పుడు ఆ బరువు పోను 3.69 కేజీలు మిగిలితే పాకం అయినట్టే. పండు మెత్తబడటానికి మొదట్లో ఎంత నీరు పోశారన్నది ఈ లెక్కని మార్చదు, ఆ నీరంతా పోవాల్సిందే.

థర్మామీటర్ వాడేవాళ్లు 105 డిగ్రీలు అని బట్టీ పట్టకండి. అది సముద్రమట్టానికి చెప్పిన అంకె. విజయవాడలో దాదాపు సరిపోతుంది. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ నీళ్లే 98 దగ్గర మరుగుతాయి. 105 దాకా ఆగితే జామ్ జీడిపాకంలా సాగుతుంది. ఆ రోజు మీ థర్మామీటర్ మరిగే నీళ్లలో ఎంత చూపిస్తుందో చూసి, దానికి 5 కలపండి.

ఇక ఉడికించే తీరు. లోతు గిన్నెలో గంట ఉడికితే రంగు నల్లబడుతుంది, జామ వాసన పోతుంది, పెక్టిన్ విరుగుతుంది. వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకుని, లోపల ముద్ద ఎత్తు నాలుగు అంగుళాలు దాటకుండా చూసుకోండి. పంచదార పడ్డాక 20–25 నిమిషాల్లో పని అయిపోవాలి. అందుకే పెద్ద వాయి కన్నా రెండు గిన్నెల్లో రెండున్నర కేజీల చొప్పున పెట్టుకోవడం నయం. పండ్లు మూడొంతులు పక్వానికి వచ్చినవి, ఒక వంతు దోరవి. గింజలు పోయేలా ఒక మిల్లీమీటరు రంధ్రాల జల్లెడలో గరిటెతో రుద్ది వడకట్టండి. రాగి గిన్నె వద్దు.

నిమ్మకాయ మానేయండి. కాయ కాయకీ, కాలం కాలానికీ రసంలో పులుపు మారుతుంది, మీ వాయి దానితోపాటు మారుతుంది. తూచిన సిట్రిక్ యాసిడ్ వాడండి, కేజీ గుజ్జుకి మూడు నుంచి నాలుగు గ్రాములు, కొద్దిపాటి నీళ్లలో కరిగించి, దింపడానికి రెండు మూడు నిమిషాల ముందు. మొదట్లోనే వేస్తే ఏమవుతుందంటే, పులుపులో ఎక్కువసేపు ఉడికిన పెక్టిన్ బలం పోతుంది, గడ్డ కట్టినా పట్టు ఉండదు, బిగిసినకొద్దీ నీరు కక్కుతుంది. మీ సీసాల్లో పైన తేలుతున్న నీరు అదే. అలాగని పులుపు బాగా తగ్గిస్తే పంచదార తగినంత విడిపోక కొన్ని వారాలకు అడుగున పలుకులు కడుతుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.2–3.4 మధ్య ఉంటే రెండు వైపులా ఇబ్బంది లేదు. జేబులో పట్టే పీహెచ్ మీటరు చాలు, కానీ పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో వాడే రోజు సరిచూసుకోవాలి.

బూజుకు ఇంకో కారణం మీరు చల్లారబెట్టి మూత పెట్టడం. స్వీట్లకు ఆ అలవాటు మంచిదే, జామ్‌కు మాత్రం పూర్తిగా తలకిందులు. గదిలో గాలిలో ఉన్న బూజు బీజాలన్నీ తెరిచిన సీసా మీద పడతాయి. 85 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా నింపాలి. సీసాలు మరిగే నీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచి, బోర్లించి, తడి పూర్తిగా ఆరాక ఇంకా వేడిగా ఉండగానే వాడాలి. లోపల తడి మిగిలితే ఆ నీరు జామ్ మీద పలుచటి పొరలా చేరి, అక్కడ మాత్రం బ్రిక్స్ పడిపోతుంది. సీసా మొత్తం బాగున్నా బూజు సరిగ్గా ఆ పొర మీదే మొదలవుతుంది. అంచుకి అంటిన జామ్ మరిగించి పిండిన బట్టతో తుడిచి, కొత్త మూత బిగించి, రెండు మూడు నిమిషాలు తలకిందులుగా ఉంచండి, ఆ వేడికి మూత లోపలి భాగం కూడా శుద్ధి అవుతుంది. తర్వాత నిలబెట్టి, మర్నాటిదాకా కదపకండి. గడ్డ కడుతుండగా కదిపిన సీసా కూడా నీరు వదులుతుంది. మర్నాడు మూత మధ్యలో వేలితో నొక్కి చూడండి. లోపలికి గుంటపడి, కదలకుండా ఉంటే గాలి చొరబడకుండా మూత బిగిసినట్టే. టక్‌మని పైకీ కిందికీ ఆడితే ఆ సీసా అమ్మకానికి పనికిరాదు.

ఇవన్నీ కుదిరితే ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. 68 బ్రిక్స్, 3.3 పీహెచ్, వేడిగా నింపిన సీసా, ఈ మూడే దాన్ని కాపాడతాయి.


లేబుల్ లెక్కలు జవాబు

లైసెన్సు గురించి చెప్తాను. ముందుగా, ఎఫ్‌పీఓ (పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు) మార్కు కావాలా అని షాపులవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. అక్కర్లేదు. 1955 నాటి ఆ ఉత్తర్వు 2006 ఆహార భద్రతా చట్టం వచ్చాక రద్దయింది. ఇప్పుడు కావలసింది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ) నంబరు, 14 అంకెలది. ఫాస్కాస్ అనే ఆ సంస్థ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల టర్నోవరు లోపు వాళ్లకు రిజిస్ట్రేషన్, ఆపైన రాష్ట్ర లైసెన్సు అని పెట్టారు. ఈ హద్దుల్ని సవరిస్తుంటారు కాబట్టి మీరు దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో ఏముందో అదే లెక్క. వారానికి వంద సీసాలు, షాపు ధర 112 అనుకున్నా ఏడాదికి ఐదారు లక్షలు, కాబట్టి మీకు రిజిస్ట్రేషన్ చాలు. దరఖాస్తులో తయారీదారు అని పెట్టండి, అమ్మకందారు అని పెడితే తర్వాత తలనొప్పి. ఫొటో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు కావాలి. నీళ్ల పరీక్ష రిపోర్టు, వంట చేసేవాళ్ల ఆరోగ్య ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకుంటే అధికారి చూడటానికి వచ్చినా ఆలస్యం కాదు.

ఇంటి గ్యాస్ సిలిండరు మీద అమ్మకానికి వండకూడదు, కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, బ్యాంకు దగ్గర పనికొస్తుంది.

ఎక్కువమంది మర్చిపోయేది తూనికలు కొలతల శాఖ. ప్యాక్ చేసి అమ్మేవాళ్లు 2011 ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల కింద ప్యాకర్‌గా నమోదవ్వాలి. మీ కాటాకు ఆ శాఖ ముద్ర ఉండాలి, వంటింటి కాటా చెల్లదు. 250 గ్రాముల సీసాకి ఒక్కోదానిలో 9 గ్రాముల దాకా తేడా సహిస్తారు గానీ, సీసాల సగటు మాత్రం 250కి తగ్గకూడదు. 253 దగ్గర పెట్టుకుని నింపండి.

లేబుల్ తెలుగులో మాత్రమే వేయించకండి. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి, తెలుగు అదనంగా ఎంతైనా వేసుకోవచ్చు. ఉత్పత్తి పేరు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు పదార్థాలు, పోషకాల పట్టిక, పచ్చచుక్క, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, మీ పేరు చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు నంబరుతో, ఫిర్యాదులకు ఫోను, ఈమెయిలు, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, దాని పక్కన గ్రాముకి ఎంత పడుతుందో. 250 గ్రాములు 160 రూపాయలైతే గ్రాముకి 64 పైసలు అని రాయాలి. ‘ఫలానా తేదీకి ముందు ఉత్తమం’ అని ఒక్కటే వేస్తే సరిపోదు, వాడకానికి గడువు తేదీ తప్పనిసరి. సిట్రిక్ యాసిడ్‌ని ఆమ్లత నియంత్రకం, ఐఎన్‌ఎస్ 330 అని చూపాలి. పెక్టిన్ కలిపితే 440. వీటితోపాటు ‘తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి, పొడి చెంచా వాడండి’ అనే మాట తెలుగులో పెద్దగా వేయించండి. ఫిర్యాదుల్లో చాలా భాగం తడి చెంచాతో మొదలయ్యేవే.

జామ్ అని పేరు పెట్టాలంటే బ్రిక్స్ ఒక్కటే కాదు, తయారైన దానిలో పండు 45 శాతానికి తగ్గకూడదు. పైన చెప్పిన కొలతలో 3.69 కేజీలకి రెండున్నర కేజీల పండు, 67 శాతం పైనే, కాబట్టి మీకు బెంగ లేదు. స్ట్రాబెర్రీకి మాత్రం 25 శాతం చాలు. లంబసింగి స్ట్రాబెర్రీతో చేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

జీఎస్టీ దగ్గర మీకు ఒక చిక్కుంది. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ అది సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్లకే. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి డబ్బు తీసుకుని ఒక్క పార్శిల్ పంపినా అంతర్రాష్ట్ర అమ్మకం, టర్నోవరుతో సంబంధం లేకుండా రిజిస్ట్రేషన్ కావాల్సిందే. చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉంటే పక్క రాష్ట్రానికి అమ్మనివ్వరు, అదీ దారి కాదు. జామ్ మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5కి తగ్గింది, కాబట్టి భారం పెద్దగా లేదు, రిటర్నులు వేసే పని మాత్రం ఉంటుంది. మొదటి ఆరు నెలలు విజయవాడ షాపులతోనే నడిపి, హైదరాబాద్ ఆర్డర్లు లెక్కపెట్టుకుని అప్పుడు నిర్ణయించుకోమని నా సలహా.


కృష్ణలంక వంటిల్లు

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఇంకో మూడు సందేహాలు. పంచదార తగ్గించమని షాపువాళ్లు అంటున్నారు, కేజీ గుజ్జుకి 600 గ్రాములు వేస్తే కుదురుతుందా? బెల్లంతో చేయవచ్చా? జామపండ్లు లేని నెలల్లో ఏం చేయాలి? 120 ధర మాట ఎవరూ చెప్పలేదు.


గవర్నర్‌పేట ఖాతా జవాబు

ధర నేను చెప్తాను. ఉదాహరణకి వేసిన రేట్లు ఇవి, మీ మార్కెట్ రేట్లు పెట్టుకుని మళ్లీ వేయండి. ఒక రోజు పని అంటే ఐదు కేజీల గుజ్జు, రెండు గిన్నెలు. గుజ్జు ఐదు కేజీలు రావాలంటే పండ్లు ఏడు కేజీలు కొనాలి.

పండ్లు 7 కేజీలు, 40 చొప్పున: 280
పంచదార 4.5 కేజీలు, 45 చొప్పున: 203
సిట్రిక్ యాసిడ్: 10
గ్యాస్ 1.2 కేజీలు: 120
సీసా, మూత 28, ఒక్కోటి 14: 392
లేబుల్ 28, ఒక్కోటి 3: 84
ఇద్దరు, ఆరేసి గంటలు, గంటకి 75: 900
కరెంటు, నీళ్లు, సబ్బు: 40
మొత్తం: 2,029

జామ్ 7.38 కేజీలు రావాలి, గిన్నెకీ గరాటుకీ అంటుకుని పోయేది నాలుగు శాతం తీస్తే 7.08. సీసాకి 253 గ్రాముల చొప్పున 28 సీసాలు. ప్రతి బ్యాచ్‌లో రెండు సీసాలు మీ దగ్గరే దాచుకోవాలి, గడువు తేదీ ముగిసేదాకా. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అదే బ్యాచ్ సీసా తెరిచి చూడటానికి వేరే దారి లేదు. అమ్మేది 26. సీసాకి 78 రూపాయలు. పగిలేవి, వెనక్కొచ్చేవి, రుచి చూపించేవి కలిపి ఇంకో ఆరు వేసుకోండి, 84.

షాపువాళ్లు ఎంఆర్‌పీ మీద 30 శాతం తీసుకుంటే 120లో 36 పోయి మీకు వచ్చేది సరిగ్గా 84. అంటే కూలి గిట్టింది, పైసా మిగల్లేదు. గిన్నె పాడైనా, షాపువాళ్లు నెల ఆలస్యంగా డబ్బిచ్చినా చేతి డబ్బు పెట్టుకోవాలి. 160 పెడితే 112 వస్తుంది, జీఎస్టీ కట్టాల్సి వస్తే అందులో 5.33 పోయి 106.67. మిగులు 22 రూపాయల పైచిలుకు. 150కి తగ్గకండి.

మీ కష్టాన్ని లెక్కలో వేయకుండా ‘సీసాకి 43 ఖర్చు’ అనుకుని ధర పెట్టడం ఇళ్లలో చేసే అతి పెద్ద తప్పు. పైన చూడండి, పండ్లు పంచదార కలిపినా 483, కూలి 900. కాబట్టి పండ్లు రెండు రూపాయలు తక్కువకి వెతకడం కన్నా గంటలు తగ్గించుకోవడం మీద దృష్టి పెట్టండి. ఒకే రోజు రెండు విడతలు చేస్తే సీసాలు కడగడం, గిన్నెలు తోమడం రెండుసార్లు ఉండదు, ఆరు గంటల పని తొమ్మిదిలో తెములుతుంది. కూలి సీసాకి 34.60 నుంచి 26కి దిగుతుంది. వంద సీసాలకి వారంలో రెండు రోజులు చాలు. గుజ్జు తీసే యంత్రం కొనాలనిపిస్తే మొదటి యంత్రంగా అదే కొనండి, నింపే యంత్రం ఇప్పుడే వద్దు.

రుణం కావాలంటే కేంద్రం 2020లో తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఇచ్చారు, మన వాటా కనీసం 10 శాతం. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది జిల్లా ఉద్యాన శాఖలో గానీ బ్యాంకులో గానీ అడగండి. డ్వాక్రా సంఘంలో ఉంటే ముందు ఆ దారిలో కనుక్కోండి. సబ్సిడీ కోసం అవసరం లేని యంత్రాలు మాత్రం కొనకండి.


బ్రిక్స్ 68 జవాబు

600 గ్రాములతో లెక్క వేసి చూడండి. పండులోది 100, పంచదార 600, మొత్తం 700. దాన్ని 68కి తేవాలంటే మిగిలేది 1,030 గ్రాములే. అంత నీరు లాగేసరికి రంగు ముదురు ఇటుక రంగుకి వస్తుంది, జామ వాసన ఉండదు. అలా కాక 1,300 గ్రాముల దగ్గర ఆపితే 54 బ్రిక్స్. దాన్ని జామ్ అని అమ్మకూడదు, బయట షెల్ఫ్ మీద నిలవదు. ఫ్రూట్ స్ప్రెడ్ అని పేరు మార్చి, ఫ్రిజ్‌లోనే పెట్టి అమ్మాలి, గడువు తక్కువ. వంద సీసాల దశలో రెండు రకాల గడువులు తలకెత్తుకోవద్దు. కేజీకి 900 గ్రాముల దగ్గర ఉండండి. తీపి ఎక్కువైందంటే పీహెచ్‌ని 3.4 నుంచి 3.2కి తెస్తే నాలుకకి తగ్గినట్టే ఉంటుంది.

బెల్లం సంగతి: దిమ్మ దిమ్మకీ తేమ వేరు, శుద్ధికి వాడిన సున్నం వల్ల పులుపు చచ్చిపోతుంది, యాసిడ్ ఎక్కువ పడుతుంది, గడ్డ సరిగా కట్టదు. రంగులో, వాసనలో బెల్లమే తేలుతుంది. పనసకో, అరటికో నప్పవచ్చు గానీ జామకి వద్దంటాను.

జామ లేని నెలలకి గుజ్జు దాచుకోవడం తేలిక. చలికాలం కాపు తీపి, వాసన రెండిట్లోనూ మేలు. జల్లెడ పట్టిన గుజ్జుని ఒకసారి పొంగు రానిచ్చి, చల్లార్చి, రెండున్నర కేజీల సంచుల్లో పలుచగా పరిచి డీప్‌ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర పెట్టండి. సంచి మీద తేదీ, బ్రిక్స్ రాసుకుంటే వాయి లెక్క సిద్ధంగా ఉన్నట్టే.

వేరే పండ్లకి వెళ్లేటప్పుడు జామ కొలతలు అలాగే వాడకండి. జామలో పెక్టిన్ సొంతంగా ఉంది. బొప్పాయిలో పులుపు బాగా తక్కువ, కేజీకి ఐదారు గ్రాముల యాసిడ్ పడుతుంది, పెక్టిన్ కూడా కొనాలి. అనాసలో పులుపు ఉంది, పెక్టిన్ బాగా తక్కువ. మామిడికి బంగినపల్లి కన్నా కలెక్టర్ రకం నయం, గుజ్జు చిక్కగా ఉంటుంది, పులుపు ఉంటుంది, రేటు తక్కువ. వెలగపండు జెల్లీకి పెట్టింది పేరు. సీతాఫలం జోలికి మాత్రం వెళ్లకండి, దాని గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది, పాకం దాకా వెళ్లనే వెళ్లదు.

కొన్న పెక్టిన్ వాడాల్సి వస్తే తయారయ్యే జామ్ బరువులో 0.3 నుంచి 0.5 శాతం. దానికి ఎనిమిది పది రెట్లు పొడి పంచదార కలిపి, ఆ మిశ్రమాన్ని పంచదార ఇంకా పడని వేడి గుజ్జులో చల్లుతూ కలపాలి. మొత్తం పంచదార పడ్డాక వేస్తే కరగదు, చేపగుడ్లలా గుడ్లు కడుతుంది, ఎంత ఉడికించినా ఆ గుడ్లు విడవవు.


అట్టపెట్టె జవాబు

సీసా గురించి ఒక్కమాట. అమ్మేవాళ్లు మిల్లీలీటర్లలో చెప్తారు, మీరు గ్రాముల్లో నింపుతారు. జామ్ నీటి కన్నా బరువు, మిల్లీలీటరుకి సుమారు 1.33 గ్రాములు. 250 గ్రాములు 188 మి.లీ.లోనే పట్టేస్తుంది. ‘250 సీసా’ అని తెచ్చుకుంటే పావు వంతు ఖాళీగా కనిపిస్తుంది. అదీగాక సీసాలో కనీసం 90 శాతం నిండాలని నిబంధన ఉంది, కాబట్టి అంచుదాకా నీళ్లు పోస్తే 209 మి.లీ. కన్నా ఎక్కువ పట్టని సీసా కావాలి. నమూనా సీసా తెచ్చి, కాటా మీద పెట్టి, నీళ్లు పోసి తూచి చూశాకే పెట్టె ఆర్డరివ్వండి.

మూతలు ఒక్కసారికే. వాడిన, పావు తిప్పుతో బిగిసే లగ్ క్యాప్‌కి లోపల రబ్బరు పొరలో గాడి పడి ఉంటుంది, రెండోసారి గాలి చొరబడకుండా బిగియదు. ఖర్చు తగ్గుతుందని మామూలు పెట్ ప్లాస్టిక్ సీసాలకి వెళ్లకండి, 85 డిగ్రీల జామ్ పడగానే అవి ముడుచుకుపోతాయి. గాజు సీసా కూడా చల్లగా ఉండగా నింపితే అడుగు వలయంలా ఊడి వస్తుంది, దాన్ని చూసే చల్లటి సీసా నింపారని చెప్పేయొచ్చు.

కొరియర్‌కి ఐదు పొరల అట్టపెట్టె, లోపల గడుల అడ్డలు, సీసా సీసాకి తగలకూడదు, పైనా కిందా అట్ట ముక్క. ఆరు సీసాలు గాజుతో కలిపి రెండున్నర కేజీల దగ్గర వస్తుంది, పెట్టెతో మూడుకి చేరువ. పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది కొరియర్ వాళ్ల లెక్క బరువు, అసలు బరువుతో పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పెట్టె బిగుతుగా ఉంటే అసలు బరువే లెక్కకొస్తుంది. ఒక్క సీసా పంపితే కొరియర్ ఖర్చు జామ్ ఖర్చుని మింగేస్తుంది, మూడు లేదా ఆరు సీసాల పెట్టెగానే ఆర్డర్లు తీసుకోండి.

నింపిన 48 గంటల తర్వాతే పంపండి. మొదటి పెట్టె కట్టాక నడుము ఎత్తు నుంచి గచ్చు మీదికి అడుగు మీద ఒకసారి, మూల మీద ఒకసారి, పక్క అంచు మీద ఒకసారి వదలండి. తెరిచి చూసి, సీసా పగలకపోయినా మూత పక్కన జామ్ తడి కనిపిస్తే అడ్డల ఎత్తు చాలలేదని అర్థం. అడ్డ మూత కన్నా అర అంగుళం పైకి ఉండేలా కోయించి మళ్లీ వదిలి చూడండి.